గోడ పగలగొట్టినవాడే తలుపులు పీకేశాడు

ఎగ్జామ్స్‌కి నాలుగు రోజుల ముందు, రాత్రి రెండింటికి నేను చదవాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్స్. చూస్తున్నది మాత్రం అమెరికాలో ఒకాయన తన పాత ట్రక్కుని ఇంటి షెడ్డులోనే అంగుళం ఎత్తు లేపుకునే వీడియో. దాన్ని బాడీ లిఫ్ట్ అంటారట. అలాంటి ట్రక్కుల్లో కింద ఇనప ఫ్రేము వేరు, పైన బాడీ వేరు. రెండింటినీ కలిపి పట్టుకునేవి కొన్ని బోల్టులు, మధ్యలో రబ్బరు దిమ్మలు. బోల్టులు విప్పి, జాకీతో బాడీని మెల్లగా పైకెత్తి, ఆ సందులో ఇంకో దిమ్మ పెట్టి, పొడుగు బోల్టు వేసి బిగించేస్తే బాడీ పైకి లేస్తుంది. పెద్ద టైర్లు వేసుకున్నా బాడీకి రాసుకోవు. కొట్లో దొరికే దిమ్మలు ఖరీదని ఆయన వాడినవి ఏంటో తెలుసా? ఐస్ హాకీ ఆటలో కొట్టే పక్‌లు. గట్టి రబ్బరు, అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు. మధ్యలో డ్రిల్‌తో బెజ్జం పెట్టాడు, అంతే.

నా రూమ్‌మేట్ మెకానికల్. ఉత్సాహం ఆపుకోలేక వాడిని లేపి చూపించాను. సగం కళ్ళు తెరిచి, స్టీరింగ్ షాఫ్ట్ పొడవు సరిపోతుందో లేదో చూసుకున్నాడా, ఫ్యాను వెళ్ళి రేడియేటర్ కవర్‌కి తగలదా, పెట్రోలు పోసే గొట్టం సాగిపోదా అని వరసగా అడిగి అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున టిఫిన్ దగ్గర మాత్రం ఇంకో మాట చెప్పాడు. ఫ్రేముకీ బాడీకీ మధ్య దిమ్మ పెట్టడం ఎప్పటి నుంచో ఉందిరా, ఫోర్డ్ మోడల్ టీ కారులో చెక్క దిమ్మలే ఉండేవి అని. అలా నేను హెన్రీ ఫోర్డ్ మీద పడ్డాను. ఓఎస్ పేపర్ ఎలా రాశానో మాత్రం అడక్కండి.

ఫోర్డ్ అంటే నాకు అప్పటిదాకా తెలిసింది అసెంబ్లీ లైన్ ఒక్కటే. కోటు వేసుకున్న పెద్ద కంపెనీ ఓనరు అనుకున్నాను. కానీ ఆయన జీవితంలో మొదటి ముప్పై మూడేళ్ళు చదివితే, ఆ వీడియోలో షెడ్డు మనిషికీ ఈయనకీ పెద్ద తేడా కనపడదు.

పుట్టింది 1863 జులై 30న, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో డియర్‌బార్న్ అనే ఊరి దగ్గర ఒక పొలంలో. తండ్రి విలియం ఐర్లండ్ నుంచి వలస వచ్చిన రైతు. కొడుకు కూడా వ్యవసాయమే చెయ్యాలని ఆయన ఆశ. కొడుక్కి ఆ పని అంటేనే విసుగు. ఎవరి గడియారం ఆగిపోయినా విప్పి, చూసి, మళ్ళీ బిగించేవాడు. తల్లి మేరీ 1876లో పోయింది, అప్పటికి వీడికి పన్నెండేళ్ళు. అదే ఏడాది వేసవిలో తండ్రితో కలిసి గుర్రబ్బండి మీద పోతుంటే, ఎదురుగా ఒక ఆవిరి ఇంజను వస్తూ కనపడింది. గుర్రాలు లాగడం లేదు, పట్టాలు లేవు, మామూలు రోడ్డు మీద దానంతట అదే నడుస్తోంది. తండ్రి ఏదో అనేలోపే పిల్లాడు బండి దిగిపోయి ఆ ఇంజను డ్రైవరు దగ్గరికి పరిగెత్తాడు. ఆ చూసిన దృశ్యం గురించి ముసలితనం దాకా చెప్పుకుంటూనే ఉన్నాడు.

పదహారో ఏట డెట్రాయిట్ వెళ్ళి మెషిన్ షాపుల్లో పనికి కుదిరాడు. జీతం గది అద్దెకీ తిండికీ చాలక రాత్రిళ్ళు ఒక గడియారాల కొట్లో రిపేర్లు చేసేవాడు. కొన్నాళ్ళకి మళ్ళీ పొలానికి తిరిగొచ్చాడు గానీ నాగలి పట్టడానికి కాదు, చుట్టుపక్కల రైతుల ఆవిరి ఇంజన్లు నడపడానికీ బాగుచెయ్యడానికీ. 1888లో క్లారాని పెళ్ళి చేసుకున్నాడు. 1891లో ఆమెని తీసుకుని డెట్రాయిట్‌కి మకాం మార్చేసి, ఎడిసన్ కరెంటు కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. రెండేళ్ళలో అక్కడే చీఫ్ ఇంజనీరు అయ్యాడు. మన లెక్కలో సెటిల్ అయిపోయాడనమాట.

1893 క్రిస్మస్ ముందు రోజు రాత్రి. ఇంట్లో పండగ వంట నడుస్తోంది, కొడుకు ఎడ్సెల్ పుట్టి ఇంకా రెండు నెలలు కూడా కాలేదు. పాత పైపు ముక్కతో సిలిండరు, పాత లేతు మెషిన్ చక్రంతో ఫ్లైవీలు చేసి ఒక చిన్న ఇంజను కట్టుకుని వంటింట్లోకి పట్టుకొచ్చి సింకుకి బిగించాడు. స్పార్క్‌కి ఇంటి కరెంటే వాడాడు. పెట్రోలు చుక్కలు చుక్కలుగా పొయ్యాల్సింది క్లారా. వంట పక్కన పెట్టి ఆమె పోస్తే ఈయన చక్రం తిప్పాడు. ఇంజను దగ్గి, పొగ చిమ్మి, నడిచింది. ఆ వంటింటి గురించి చదువుతుంటే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. మిక్సీ విప్పినందుకే నాకు ఎంత పడిందో.

తర్వాత రెండున్నరేళ్ళు రాత్రిళ్ళన్నీ బాగ్లీ అవెన్యూలో అద్దె ఇంటి వెనక ఉన్న ఇటికల షెడ్డులోనే. నాలుగు సైకిలు చక్రాలు, రెండు సిలిండర్ల ఇంజను, స్టీరింగ్‌కి బదులు పడవకి ఉన్నట్టు ఒక కర్ర, హారన్‌కి బదులు ఇంటి తలుపు గంట. వెనక్కి పోయే గేరు లేదు. మొత్తం బరువు సుమారు 500 పౌన్లు. పేరు క్వాడ్రిసైకిల్. 1896 జూన్ 4 తెల్లవారుజామున, సన్నగా వాన పడుతుండగా బండి తయారైంది. బయటికి తీద్దామని చూస్తే షెడ్డు తలుపు కంటే బండి వెడల్పు! రెండేళ్ళు కట్టిన మనిషి ఒక్కసారి కూడా తలుపు కొలవలేదు. (ల్యాప్‌టాప్‌లో బాగా నడిచి సర్వర్ మీద చచ్చిపోయే మన ప్రాజెక్టులు గుర్తుకు రావట్లేదూ?) ఫోర్డ్ ఆలోచించలేదు. గొడ్డలి తీసుకుని తలుపు పక్కన ఇటికల గోడ పగలగొట్టేశాడు. ముందు ఒక స్నేహితుడు సైకిలు మీద దారి చూపిస్తుంటే వెనక ఫోర్డ్ బండి నడుపుతూ డెట్రాయిట్ వీధుల్లోకి వెళ్ళాడు. ఇంటి ఓనరు కోపంగా వచ్చి, బండిని చూశాక చల్లబడి, ఆ కంతకి పెద్ద తలుపులు పెట్టించుకోమన్నాడని చెప్తారు. అలాంటి ఓనర్లు ఇప్పుడు దొరకరు.

ఆ తర్వాత ఏడేళ్ళు తొందరగా దాటేస్తాను. మొదటి కంపెనీ మూతపడింది. రెండో కంపెనీలో భాగస్వాములతో పడక బయటికొచ్చేశాడు, అదే తర్వాత క్యాడిలాక్ అయ్యింది. 1901లో రేసు కారు కట్టి, అప్పట్లో పేరున్న వింటన్‌ని స్వయంగా నడిపి ఓడించాడు. 1903లో ఫోర్డ్ మోటార్ కంపెనీ పెట్టాడు. 1908 అక్టోబరులో మోడల్ టీ వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఈ కారు ఎత్తు దగ్గరే అసలు కథ ఉంది.

అప్పటి అమెరికా పల్లెల్లో రోడ్లు అంటే గుర్రబ్బళ్ళు తొక్కిన మట్టి దారులు. వాన పడితే బురద, ఎండితే రెండు లోతైన గాడులు. కారు చక్రాలు సరిగ్గా ఆ గాడుల్లో పడాలి, కారు పొట్ట మధ్యలో ఉన్న గడ్డకి తగలకూడదు. అందుకే మోడల్ టీ చక్రాలు సన్నగా, 30 అంగుళాల ఎత్తు. రెండు చక్రాల మధ్య దూరం 56 అంగుళాలు, బండి గాడుల కొలత అదే. దక్షిణాది రాష్ట్రాల్లో గాడులు ఇంకా వెడల్పుగా ఉంటాయని అక్కడికి 60 అంగుళాల కార్లు విడిగా చేసి పంపేవాళ్ళు. స్ప్రింగులు ముందొకటి వెనకొకటి, అడ్డంగా పట్టీలాగా. ఒక చక్రం గుంటలోకి దిగినా ఫ్రేము ఒళ్ళు విరుచుకున్నట్టు మెలి తిరిగేది గానీ విరిగేది కాదు, ఉక్కులో వనేడియం కలిపారు కాబట్టి. మా వాడు చెప్పిన చెక్క దిమ్మలు ఈ మెలి తిరిగే ఫ్రేముకీ పైన ఉన్న బాడీకీ మధ్యలోవే. ఈ కారు కొన్నవాడికి లిఫ్ట్ అక్కర్లేదు, ఫ్యాక్టరీలోనే లేపి ఇచ్చారు.

వంకలు లేవని కాదు. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండేది, పంపు లేదు, కేవలం పల్లానికి పారడమే. ట్యాంకులో కాస్తే ఉండి, గుట్ట ఎక్కాల్సి వస్తే పెట్రోలు ఇంజను దాకా రాదు. జనం ఏం చేశారంటే, కారు తిప్పి రివర్స్‌లో గుట్ట ఎక్కారు!

అసలు ఆ జనం సంగతే నాకు ఈ మొత్తం కథలో చాలా ఇష్టం. రైతులు కారు వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోసుకున్నారు, నీళ్ళు తోడుకున్నారు. వెనక పెద్ద ఇనప చక్రాలు తగిలించుకుని ట్రాక్టర్‌లా దున్నారు, దానికి కిట్లు అమ్మే కంపెనీలు పుట్టాయి. మంచు ప్రాంతాల్లో ముందు చక్రాలు తీసి స్కీలు పెట్టారు. ఫ్రేముని వెనక్కి పొడిగించి ట్రక్కు చేశారు. షాక్ అబ్జార్బర్లు, వాటర్ పంపులు, స్పీడోమీటర్లు, ఫోర్డ్ ఇవ్వని ప్రతిదీ ఎవడో ఒకడు చేసి అమ్మాడు. 1917లో ఫోర్డ్ తనే ఒక టన్ను ట్రక్కు తెచ్చాడు, పేరు మోడల్ టీటీ. మొదట్లో అది కూడా ఉత్త చాసిస్సే. పైన బాడీ కొన్నవాడు కట్టించుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌కి లారీ చాసిస్ తోలుకొచ్చి బాడీ కట్టించుకుంటారు కదా, అదే లెక్క. సొంతంగా కట్టుకున్న ఈ డబ్బాలన్నీ చూసి చూసి 1925లో గానీ కంపెనీ స్వయంగా వెనక తొట్టి పెట్టిన పికప్ అమ్మలేదు. ధర 281 డాలర్లు. (మన దగ్గర ఇవన్నీ చేస్తే పోలీసులు ఆపుతారు. కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. హాకీ పక్‌లు కొనే ముందు అది చూసుకోండి.)

మరి ఇంత మంది తన కారుని మార్చుకుంటుంటే, వంటింట్లో ఇంజను కట్టినవాడు, గోడ పగలగొట్టినవాడు, ఎంత సంతోషించి ఉండాలి? నేనూ అలాగే అనుకున్నాను.

1912లో ఫోర్డ్ భార్యా కొడుకులతో యూరప్ వెళ్ళాడు. ఆయన లేని టైములో ఫ్యాక్టరీలో ఇంజనీర్లు, సార్ వచ్చేసరికి సర్‌ప్రైజ్ ఇద్దామని మోడల్ టీకి కొత్త రూపం ఒకటి తయారు చేశారు. పాతదాని కంటే కాస్త పొడుగు, కాస్త కిందికి దిగి, ఎర్ర రంగులో మెరుస్తూ. ఫోర్డ్ తిరిగొచ్చాడు. జేబుల్లో చేతులు పెట్టుకుని కారు చుట్టూ మూడు నాలుగు సార్లు తిరిగాడు. తర్వాత తలుపు పట్టుకుని పీకేశాడు. రెండో వైపు తలుపూ పీకేశాడు. ముందు అద్దం పగలగొట్టాడు, పైకప్పు చింపేశాడు. వాళ్ళ కష్టాన్ని వాళ్ళ కళ్ళ ముందే చేతులతో ముక్కలు చేశాడు. ఆయన జీవిత చరిత్రల్లో ఈ సంఘటన దాదాపు తప్పకుండా ఉంటుంది, నేను మాత్రం దాన్ని రెండుసార్లు చదివాను, ఎందుకంటే మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు. కోడ్ నచ్చకపోతే రిజెక్ట్ చెయ్యొచ్చు. ల్యాప్‌టాప్ పగలగొట్టరు కదా.

ఫోర్డ్ వైపు న్యాయం లేదని అనను. ఒకటే మోడల్, ఏ మార్పూ లేకుండా చేస్తేనే ధర తగ్గుతుందని ఆయన లెక్క, ఆ లెక్క కరెక్టే అయ్యింది. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టారు. అంతకుముందు ఒక చాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు, తర్వాతి ఏడాదికి 93 నిమిషాలు. 1908లో 850 డాలర్లున్న కారు తర్వాతి కాలంలో 300 డాలర్ల లోపుకి దిగింది. రంగులు మార్చడం కూడా టైము దండగే కాబట్టి 1914 నుంచి పదేళ్ళకి పైగా నలుపు ఒక్కటే. గుర్రం కొనలేని మనిషి కారు కొన్నాడు. ఆ కారు లేకపోతే షెడ్లలో కోసుకుని అతికించుకోవడానికి జనం దగ్గర ఏముండేది?

కానీ లైను మీద నిలబడేవాడి సంగతి వేరు. ఒకే బోల్టు, రోజంతా. షెడ్డులో రాత్రంతా బండి కట్టుకునే మనిషి ఆ లైను మీద ఒక వారం ఉండలేడు. నిజంగానే ఉండలేదు కూడా. 1913లో 14,000 మంది పనివాళ్ళు నిలవాలంటే ఏడాదిలో 50,000 మందికి పైగా తీసుకోవాల్సి వచ్చింది, అంతలా మానేసి పోయేవాళ్ళు. 1914 జనవరిలో రోజుకి అయిదు డాలర్లు, ఎనిమిది గంటల పని అని ప్రకటిస్తే గేటు ముందు వేలమంది చలిలో నిలబడ్డారు. అయితే ఆ అయిదు డాలర్లు పూర్తిగా రావాలంటే ఒక షరతు. కంపెనీ మనుషులు ఇంటికొచ్చి, తాగుతున్నావా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు దాస్తున్నావా అని చూసి రాసుకుని పోయేవాళ్ళు. కారుని మార్చనివ్వడు, మనిషిని మాత్రం మార్చాలని చూశాడు.

1920లలో రోడ్లు మారాయి. సిమెంటు, తారు వచ్చాయి, గాడులు పోయాయి. ఎత్తు అవసరం తగ్గింది. ఇంట్లో రెండో కారు కొనుక్కునేవాళ్ళు షెవ్రొలే లాంటివాటి వైపు చూడటం మొదలెట్టారు. అప్పటికి కంపెనీ ప్రెసిడెంటు పేరుకి ఎడ్సెల్. వంటింటి ఇంజను రోజున ఉయ్యాల్లో ఉన్న ఆ బిడ్డే. మంచి కంటి చూపు ఉన్నవాడు, కారు అందంగా ఉండాలని కోరుకున్నవాడు. 1926 జనవరిలో ఎడ్సెల్ తోడల్లుడు కాంజ్లర్, కంపెనీలో పెద్ద ఉద్యోగి, మోడల్ టీ రోజులు అయిపోతున్నాయని, కొత్త కారు కావాలని ఎంతో మర్యాదగా ఆరు పేజీల ఉత్తరం రాశాడు. కొన్ని నెలల్లో, ఎడ్సెల్ యూరప్‌లో ఉన్నప్పుడు, కాంజ్లర్ ఉద్యోగం పోయింది. తమాషా ఏంటంటే ఆ ఏడాది మోడల్ టీని అంగుళంన్నర కిందికి దించి, రంగులు కూడా మళ్ళీ ఇచ్చారు. పద్నాలుగేళ్ళ కిందట పీకేసిన ఎర్ర కారు చెప్పిన మాటలో కొంత చివరికి వినాల్సి వచ్చింది. అప్పటికి ఆలస్యమైపోయింది. 1927 మేలో కోటీ యాభై లక్షల కార్ల తర్వాత మోడల్ టీ ఆగిపోయింది. కొత్తది ఏదీ సిద్ధంగా లేదు! ఫ్యాక్టరీలు నెలల తరబడి మూసి, మోడల్ ఏ డిసెంబరులో గానీ బయటికి రాలేదు. దాని రూపం ఎడ్సెల్‌దే. బాగా అమ్ముడైంది.

ఇంకొకటి చెప్పకుండా దాటేస్తే అబద్ధం రాసినట్టే. 1920 నుంచి ఫోర్డ్ తన సొంత పత్రికలో యూదుల మీద వరసగా విషం రాయించాడు. 1927లో క్షమాపణ చెప్పాడు గానీ ఆ రాతలు అప్పటికే పుస్తకాలై వేరే దేశాలకి చేరాయి. 1938లో హిట్లర్ ప్రభుత్వం ఇచ్చిన పతకం తీసుకున్నాడు. 1937 మే 26న ఫ్యాక్టరీ బయట వంతెన మీద కరపత్రాలు పంచడానికొచ్చిన యూనియన్ వాళ్ళని కంపెనీ మనుషులు కొట్టారు, ఫొటోగ్రాఫర్లు తీసిన ఫొటోలు దేశమంతా చూసింది. 1941లో గానీ యూనియన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. వంటింటి ఇంజను ముచ్చట చదివి నవ్వుకున్న నాకు, ఇవి చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. రెండూ ఒకే మనిషివి.

ఎడ్సెల్ 1943లో కడుపు క్యాన్సర్‌తో పోయాడు, నలభై తొమ్మిదేళ్ళకి. తండ్రి నలుగురి ముందూ కొడుకు మాట కొట్టేసిన సందర్భాలు లెక్కలేనన్ని. ఎనభైకి దగ్గరపడిన ముసలాయన మళ్ళీ ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాడు. క్లారా, ఎడ్సెల్ భార్య ఎలియనార్ ఇద్దరూ పట్టుబడితే గానీ 1945లో దాన్ని మనవడికి వదల్లేదు.

క్వాడ్రిసైకిల్‌ని ఫోర్డ్ ఎప్పుడో 200 డాలర్లకి అమ్మేశాడు. తర్వాత 65 డాలర్లు ఇచ్చి వెనక్కి కొనుక్కున్నాడు. ఇప్పుడు అది డియర్‌బార్న్‌లో ఆయన పెట్టిన మ్యూజియంలో ఉంది. బాగ్లీ అవెన్యూ షెడ్డుకి నకలు కూడా పక్కనే గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో కట్టించుకున్నాడు.

1947 ఏప్రిల్‌లో రూజ్ నదికి వరద వచ్చి, నది ఒడ్డున ఉన్న ఫోర్డ్ ఇంటి పవర్‌హౌస్ మునిగింది. ఏడో తారీఖు రాత్రి ఆ ఇంట్లో కరెంటు లేదు, ఫోను లేదు. ఒకప్పటి కరెంటు కంపెనీ చీఫ్ ఇంజనీరు ఆ రాత్రి కొవ్వొత్తుల వెలుగులో, నూనె దీపాల వెలుగులో చనిపోయాడు. వయసు ఎనభై మూడు. పక్కన క్లారా ఉంది.